పాత ఎంపీఎఫ్‌ఐ కారులో ఐడ్లింగ్ దిగకపోతే: ఎక్కువ గాలి ఎటు నుంచి వస్తోందో పట్టుకోవడం ఎలా?

ఎంపీఎఫ్‌ఐ అంటే ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే పద్ధతి, ఐడ్లింగ్ అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిను తిరిగే వేగం. యాక్సిలరేటర్ మీద కాలు లేకపోయినా ఇంజిను 1,500 ఆర్‌పీఎం దగ్గర గుయ్‌మంటూ తిరుగుతోందంటే లోపలికి గాలి ఎక్కువ పోతోందని అర్థం. పెట్రోలు ఇంజిను వేగాన్ని నిర్ణయించేది గాలే. ఎంత గాలి పోతే దానికి తగ్గ పెట్రోలు ఈసీఎం (ఇంజిన్ని నడిపే కంప్యూటరు) కొట్టిస్తుంది. అందుకని ఈ జబ్బుకి ప్లగ్గులు మార్చడం, ఇంజెక్టర్లు కడిగించడం, పెట్రోలు పంపును అనుమానించడం డబ్బు దండగ. వెతకాల్సింది గాలి దారిని.

ఆ గాలి రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, ఈసీఎం తానే కావాలని రప్పించుకునేది. రెండోది, దానికి తెలియకుండా దొంగదారిన దూరేది. మీ బండిలో వస్తున్నది వీటిలో ఏదో ముందు తేల్చుకోవాలి. అది తేల్చకుండానే ఐఏసీ వాల్వు (ఐడ్లింగ్‌లో ఎంత గాలి పోవాలో ఈసీఎం చెప్పినట్టు సర్దే వాల్వు) కొత్తది కొని బిగించేసి, తగ్గలేదని మళ్లీ షెడ్డుకి తిరిగేవాళ్లు చాలామంది. ఆ వాల్వు ధర మీద కన్నా ముందు ఒక అరగంట పరీక్ష మీద ఖర్చు పెట్టండి.

ఇక్కడ చెప్పేదంతా యాక్సిలరేటర్ వైరుతో నడిచే బళ్లకి: మారుతి 800 ఎంపీఎఫ్‌ఐ, పాత ఆల్టో, వ్యాగన్ ఆర్, జెన్, ఎస్టీమ్, శాంత్రో, యాక్సెంట్ లాంటివి. పెడల్ నుంచి వైరు లేకుండా మోటరుతో థ్రాటిల్ తిరిగే కొత్త బళ్లకి పద్ధతి వేరు. వాటి బటర్‌ఫ్లైని (థ్రాటిల్ లోపల తెరుచుకుని మూసుకునే రేకుని) వేలితో తోయకూడదు కూడా.

నిజంగా ఎక్కువేనా?

చల్లటి ఇంజిను స్టార్ట్ చెయ్యగానే 1,200 నుంచి 1,500 దాకా తిరగడం జబ్బు కాదు. వేడెక్కేదాకా ఈసీఎం అలాగే ఉంచుతుంది. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు తెల్లవారి కూడా గాలి పెద్దగా చల్లగా ఉండదు కనుక ఆ వేగం కొద్ది నిమిషాల్లోనే దిగడం మొదలవ్వాలి. పది నిమిషాలు దాటినా దిగలేదంటే అప్పుడు వెతకాలి.

కొలిచే పద్ధతి ఇది. బండిని సమతలంలో పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టండి. రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా ఇంజిను నడవనివ్వండి. ఏసీ, లైట్లు, బ్లోయరు అన్నీ కట్టేయండి. ఇప్పుడు 750 నుంచి 950 మధ్య ఉంటే బాగున్నట్టే. మీ మోడల్‌కి కచ్చితమైన అంకె బోనెట్ కింద స్టిక్కరు మీదో, బుక్కులోనో ఉంటుంది. ఏసీ వేస్తే మరో 50 నుంచి 150 దాకా పెరగడం మామూలే.

800, ఆల్టో బేసిక్ మోడల్స్‌లో ఆర్‌పీఎం మీటరే ఉండదు. స్కానర్ (ఈసీఎంలోని అంకెలు చూపే పరికరం) లేకపోతే, ఫ్రీక్వెన్సీ కొలిచే మల్టీమీటరుతో ఇంజెక్టరు సిగ్నల్ చూడొచ్చు. రెండు చుట్లకోసారి ఇంజెక్టరు కొట్టే బళ్లలో వచ్చిన హెర్ట్జ్‌ని 120తో, ప్రతి చుట్టుకీ కొట్టే బళ్లలో 60తో హెచ్చించాలి. 900 ఆర్‌పీఎం అంటే మొదటి రకంలో 7.5, రెండో రకంలో 15. మీది ఏ రకమో తెలియకపోయినా ఫర్వాలేదు. రెండు లెక్కలకీ మధ్య రెట్టింపు తేడా ఉంటుంది కాబట్టి చెవికే తెలిసిపోతుంది.

బండి ఇంకా దొర్లుతుండగా న్యూట్రల్ వేస్తే కాస్త ఎక్కువ తిరిగి, పూర్తిగా ఆగాక దిగుతుందా? చాలా బళ్లలో ఈసీఎం కావాలనే అలా చేస్తుంది. ఆగాక కూడా దిగకపోతేనే తప్పు.

ముందు వైరు, పెడల్, స్టాప్ స్క్రూ

ఖర్చు లేని పని ముందు చేసేయండి. ఇంజిను ఆపి, డ్రైవరు పక్క కింద మ్యాటు పెడల్‌కి తగులుతోందేమో చూడండి. తర్వాత బోనెట్ ఎత్తి థ్రాటిల్ బాడీ (బటర్‌ఫ్లై ఉండే భాగం) దగ్గర వైరుని వేళ్లతో కదపండి. కొన్ని మిల్లీమీటర్ల వదులు ఉండాలి. వైరు బిగుతుగా ఉంటే బటర్‌ఫ్లై మూసుకోదు. అడ్జస్ట్‌మెంట్ నట్టు వదులు చేసి ఆ ఖాళీ ఇవ్వండి. లీవరుని చేత్తో తిప్పి వదిలితే టక్కున వెనక్కి కొట్టాలి. నెమ్మదిగా జారుతూ వస్తే వైరు గొట్టంలో తుప్పో, స్ప్రింగు నీరసమో ఉంది. భావనపాడు, కళింగపట్నం, బారువ, భోగాపురం వైపు ఉప్పుగాలిలో నిలబెట్టే బళ్లలో వైరు లోపల తుప్పు పట్టి ఇలా ఇరుక్కోవడం తరచూ కనిపిస్తుంది. అలాంటి వైరుకి నూనె పోసి సాగదీయకండి, మార్చేయండి. ఘాట్ రోడ్డులో తెరుచుకున్న చోటే ఇరుక్కుపోతే ప్రాణం మీదకొస్తుంది.

ఇక స్టాప్ స్క్రూ. లీవరు వచ్చి ఆనే చిన్న స్క్రూ అది. ఫ్యాక్టరీలోనే పెట్టి, చాలా వాటికి రంగు చుక్క వేస్తారు. ఐడ్లింగ్ పెంచడానికీ తగ్గించడానికీ అది కాదు. కార్బ్యురేటర్ రోజుల అలవాటు కొద్దీ దాన్ని తిప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. కథ ఎప్పుడూ ఒకలాగే నడుస్తుంది: థ్రాటిల్ బాడీలో మసి పేరుకుని బండి ఆగిపోతుంటుంది. కడగకుండా స్క్రూ తిప్పి ఐడ్లింగ్ పెంచుతారు. కొన్నాళ్లకి ఎవరో మసి కడుగుతారు. అప్పుడు ఐడ్లింగ్ ఒక్కసారిగా 1,800కి ఎక్కుతుంది. స్క్రూ మీద రంగు పగిలి, తలకాయ మీద గీతలుంటే మీ బండికి జరిగింది ఇదే.

దాన్ని సరిచెయ్యాలంటే ముందు థ్రాటిల్ బాడీ శుభ్రంగా ఉండాలి, వైరు వదులుగా ఉండాలి. లాక్‌నట్టు వదిలి, స్క్రూ లీవరుకి తగలనంత వెనక్కి తిప్పండి. బటర్‌ఫ్లై పూర్తిగా మూసుకుంటుంది. మెల్లగా ముందుకు తిప్పుతూ లీవరుకి ఆనీ ఆననట్టు తెచ్చి, అక్కడి నుంచి సుమారు పావు చుట్టు మాత్రం వెయ్యండి. బటర్‌ఫ్లై అంచు బోరుకి కొట్టుకుని ఇరుక్కోకుండా ఉండటానికే ఆ పావు చుట్టు. తర్వాత థ్రాటిల్ పొజిషన్ సెన్సరు వోల్టేజి చూడాలి. దాని సంగతి కింద ఉంది.

దారి చీలేది ఇక్కడే

స్కానర్ ఉంటే రెండు అంకెలు చాలు: ఆర్‌పీఎం, ఐఏసీ స్థానం. ఐఏసీని స్టెప్పుల్లోనో, శాతంలోనో చూపిస్తుంది.

ఆర్‌పీఎం 1,500 ఉండి ఐఏసీ సున్నాకో, దాని కనిష్ఠానికో దిగిపోయి ఉందంటే, ఈసీఎం పాపం తగ్గించడానికి చేయగలిగిందంతా చేసేసింది, గాలి మాత్రం ఇంకెటో వస్తోంది. దొంగగాలి అన్నమాట. లేదా వాల్వు ఆజ్ఞ విన్నట్టు కనిపించినా లోపల తెరుచుకునే ఇరుక్కుంది.

ఐఏసీ బాగా తెరిచి ఉందంటే ఈసీఎమ్మే ఎక్కువ ఐడ్లింగ్ అడుగుతోంది. అప్పుడు పైపులు వెతికి లాభం లేదు. ఈసీఎంకి తప్పుడు సమాచారం ఇస్తున్న సెన్సర్ని పట్టుకోవాలి.

చవకరకం బ్లూటూత్ స్కానర్లు పాత బళ్లతో చాలాసార్లు కలవవు. పాత బళ్లు వాడే కె-లైన్ భాష వాటిలో కొన్నింటికి రాదు. కలవనంత మాత్రాన బండి ఈసీఎం పోయిందనుకోకండి. డయాగ్నసిస్ కనెక్టరులో పిన్నులు కలిపి చెక్ ఇంజిన్ లైటు మిణుకులు లెక్కపెట్టే పద్ధతి కూడా పాత మోడల్స్‌లో ఉంది గానీ, మీ మోడల్ మాన్యువల్‌లో ఏ పిన్నులో చూసుకోకుండా వైరు పెట్టొద్దు.

స్కానర్ లేకపోయినా తేల్చొచ్చు. ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే రబ్బరు డక్టుని థ్రాటిల్ బాడీ నోటి దగ్గర విప్పండి. లోపల బటర్‌ఫ్లైకి ముందు, బోరు గోడకి ఒక చిన్న రంధ్రం కనిపిస్తుంది. ఐఏసీకి గాలి పోయే దారి అదే. ఇంజిను నడుస్తుండగా ఆ రంధ్రాన్ని వేలితో మూయండి. మెడలో తువ్వాలు, చేతికి వదులు గడియారం తీసేసి, బెల్టుకీ ఫ్యానుకీ దూరంగా నిలబడండి. వేడి ఇంజినులో ఫ్యాను చెప్పకుండా తిరుగుతుంది.

మూయగానే ఆర్‌పీఎం బాగా పడిపోతే గాలి ఐఏసీ గుండానే వస్తోంది. పెద్దగా మారకపోతే దొంగదారి ఉంది. ఇప్పుడు థ్రాటిల్ బాడీ నోరు మొత్తాన్ని గట్టి ప్లాస్టిక్ పలకతో మూయండి. ఇంజిను వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే థ్రాటిల్ దాటాక, మేనిఫోల్డ్ (గాలిని సిలిండర్లకి పంచే గొట్టాలు) వైపే ఎక్కడో చిల్లు ఉన్నట్టు. రెండో పరీక్షలో ఆగిపోయి, మొదటి పరీక్షలో మారలేదంటే బటర్‌ఫ్లై సరిగా మూసుకోవట్లేదు.

డక్టులో గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సరు ఉన్న బళ్లలో డక్టు విప్పితే ఇంజిను ఆగిపోతుంది కనుక ఈ పరీక్ష కుదరదు. మారుతి, హ్యుందాయ్ చిన్న బళ్లలో ఎక్కువ వాటికి మేనిఫోల్డ్ ప్రెజరు కొలిచే మ్యాప్ సెన్సరే ఉంటుంది. ఆ తేడాకి ఇంకో ఫలితం ఉంది. ఎయిర్ ఫ్లో సెన్సరు బండిలో పైపు చిల్లు పడితే పెట్రోలు చాలక ఇంజిను వణుకుతుంది. మ్యాప్ బండిలో ఆ గాలికి కూడా పెట్రోలు దొరుకుతుంది కాబట్టి వణుకు లేకుండా, నున్నగానే, వేగంగా తిరుగుతుంది. నున్నగా ఉంది కదా, పైపులు బాగానే ఉన్నాయి అనుకుంటే పొరపాటే.

ఐడ్లింగ్ ఎక్కుతూ దిగుతూ ఊగడం కూడా ఈ జబ్బే. పెడల్ వదిలి ఉండగా ఆర్‌పీఎం ఒక హద్దు దాటితే, బండి దిగువకి జారుతోందనుకుని ఈసీఎం పెట్రోలు ఆపేస్తుంది. వేగం పడగానే మళ్లీ ఇస్తుంది. దొంగగాలి మళ్లీ పైకి ఎక్కిస్తుంది. ఇలా ఊగే బండిలో చిల్లు పెద్దదే ఉంటుంది.

దొంగగాలి వేట

చెవితో మొదలుపెట్టండి. మీటరు పొడవు రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసని మేనిఫోల్డ్ చుట్టూ, ప్రతి పైపు కొన దగ్గరా తిప్పండి. చిల్లు దగ్గర సన్నగా ఈల వినిపిస్తుంది. ఇది పదిహేను నిమిషాల పని, చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

తర్వాత మేనిఫోల్డ్ నుంచి బయల్దేరే ఒక్కో పైపునీ నొక్కి పట్టాలి. కటింగ్ ప్లయరు పళ్లకి గుడ్డ చుట్టి, పైపు తెగకుండా మెల్లగా నొక్కండి. ఏ పైపు నొక్కినప్పుడు ఆర్‌పీఎం మామూలుకి దిగుతుందో, చిల్లు ఆ పైపులోనో, దాని అవతల కొసన ఉన్న సామానులోనో ఉంది. గట్టిపడి పెళుసైన పైపుని నొక్కితే విరుగుతుంది. విరిగితే విరగనివ్వండి, అది ఎలాగూ మార్చాల్సిందే.

బ్రేక్ బూస్టరుకి పోయే లావు పైపు అన్నిటికన్నా ముఖ్యం. దాన్ని నొక్కితే ఐడ్లింగ్ దిగిందా, లేక బ్రేకు తొక్కినప్పుడల్లా ఐడ్లింగ్ మారి పెడల్ దగ్గర బుస్సుమంటోందా, బూస్టరు లోపలి డయాఫ్రం చిరిగి ఉండొచ్చు. ఇది ఐడ్లింగ్ సమస్య కన్నా ముందు బ్రేకు సమస్య. సరిచెయ్యకుండా బండి బయటికి తియ్యొద్దు. సుంకి ఘాట్ దిగి సాలూరు వైపు వచ్చేవాళ్లయితే మరీను.

పీసీవీ (ఇంజిను లోపలి ఆవిర్లని మళ్లీ మేనిఫోల్డ్‌లోకి పంపే వాల్వు) పైపు నొక్కితే కొద్దిగా దిగడం మామూలే, అది ఎప్పుడూ కొంత గాలి లాగుతుంది. రెండు మూడు వందలు పడిపోతే వాల్వు తెరుచుకుని ఉండిపోయింది. బయటికి తీసి ఊపితే లోపల టకటకమనాలి. చప్పుడు లేకపోతే జిగురు పట్టింది. ఖరీదైన సామాను కాదు, మార్చేయండి. ఆయిల్ పోసే మూత వాషరు, డిప్‌స్టిక్ ఓరింగు కూడా చూడండి. పీసీవీ గుండా ఇంజిను పీల్చే గాలిలో అవి కూడా వాటాదార్లే.

పెట్రోలు ఆవిర్లు దాచే చార్‌కోల్ డబ్బా నుంచి వచ్చే సన్న పైపు ఒకటుంటుంది. ఐడ్లింగ్‌లో దాని పర్జ్ వాల్వు మూసి ఉండాలి. డబ్బా వైపు పైపు ఊడదీసి వాల్వు కొన మీద వేలు పెట్టండి. వేలిని లాగుతుంటే వాల్వు మూసుకోవట్లేదు.

మన ప్రాంతంలో పైపులు పాడవడానికి రెండు కారణాలు ఎక్కువ. ఒకటి వేడి, ఉక్కపోత. రబ్బరు కొసలు బిగించిన చోట చీలిక పైకి కనిపించదు, పైపుని వంచి చూస్తేనే నోరు తెరుస్తుంది. రెండోది ఎలకలు. కోతలు, కళ్లాల రోజుల్లో ధాన్యం బస్తాల పక్కనో, గాదె పక్కనో పెట్టిన బండి బోనెట్ కింద చుంచులు కాపురం పెడతాయి. బ్యాటరీ పక్క, ఫైర్‌వాల్ కింద ఉన్న సన్న పైపులు, వైర్లు కొరుకుతాయి. వైరు మీద పన్ను గీత కనిపిస్తే ఆ దారిలో ఉన్న పైపులన్నీ వేలితో తడిమి చూడండి. కొరికిన చోట ఇన్సులేషన్ టేపు చుట్టడం ఊరికి చేరేదాకానే. ఇంజిను వేడికి జిగురు కరిగి వారం తిరక్కుండా ఊడుతుంది.

కొత్త పైపు కొనేటప్పుడు పాత ముక్క తీసుకెళ్లండి. లోపలి వ్యాసం సరిపోవాలి. నీళ్ల మోటరుకి వాడే పారదర్శక ప్లాస్టిక్ గొట్టం వెయ్యొద్దు. వేడికి మెత్తబడి, ఇంజిను లాగే వ్యాక్యూమ్‌కి అతుక్కుపోతుంది. ఆయిల్ తట్టుకునే రబ్బరు హోస్ అడగండి.

పైపులన్నీ బాగుంటే మిగిలేది మేనిఫోల్డ్ ప్యాకింగు, ఇంజెక్టరు ఓరింగులు, థ్రాటిల్ బాడీ కింది ప్యాకింగు. దీనికి ఇస్త్రీకి వాడే నీళ్ల స్ప్రే డబ్బా చాలు. ఇంజిను నడుస్తుండగా అతుకు వెంబడి కొంచెం కొంచెం చిమ్మండి. చిల్లు మీద నీళ్లు పడగానే అది క్షణం మూసుకుని ఆర్‌పీఎం దిగుతుంది. కాయిల్, ప్లగ్గు వైర్లు, సెన్సరు కనెక్టర్ల మీద పడనివ్వకండి. కార్బ్ క్లీనర్ స్ప్రేతో చేసేవాళ్లున్నారు, అది చిల్లులోకి పోతే ఆర్‌పీఎం పెరుగుతుంది. కానీ వేడి సైలెన్సరు మేనిఫోల్డ్ పక్కనే ఉంటుంది, అంటుకుంటుంది. అగరబత్తి పొగతో వెతకడం కూడా వద్దు, పెట్రోలు ఆవిరి ఉన్న చోట నిప్పు పని చెయ్యకూడదు. ఏదీ దొరక్కపోతే పొగ యంత్రం ఉన్న షెడ్డుకి తీసుకెళ్లండి, ఆ ఖర్చు దండగ కాదు.

ఇంజెక్టరు ఓరింగు పోతే గాలి ఒక్క సిలిండరులోకే ఎక్కువ పోతుంది కాబట్టి ఐడ్లింగ్ ఎక్కువతో పాటు ఒక కొట్టు తప్పుతున్నట్టు ఉంటుంది. ఓరింగులన్నీ ఒకేసారి మార్చండి. విప్పేముందు పెట్రోలు లైను ప్రెజరు దించాలి: ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకి, ఇంజిను ఆగిపోయేదాకా నడపాలి.

థ్రాటిల్ షాఫ్టు అరిగితే? లీవరుని పైకీ కిందకీ కదపండి. చేతికి ఆట తగిలి, షాఫ్టు కొస మీద నీళ్లు చిమ్మితే ఐడ్లింగ్ మారితే, ఆ థ్రాటిల్ బాడీ మార్చడమే మంచిది.

పాత బండికి గ్యాస్ కిట్టు బిగించి ఉంటే దాని కోసం మేనిఫోల్డ్‌కి పెట్టిన T ఆకారపు పైపు ముక్కల్ని ముందు చూడండి. కిట్టు తీసేసి, నిపుల్‌కి సైకిల్ వాల్వు ట్యూబు ముక్క తొడిగి వదిలేసిన బళ్లు ఉంటాయి. ఆ ముక్క చీలడానికి ఎన్నాళ్లో పట్టదు.

గాలి ఐఏసీ గుండా వస్తుంటే

వాల్వుని విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. సాధారణంగా రెండు స్క్రూలు ఉంటాయి. తలలు అరక్కుండా సరిగ్గా అమిరే స్క్రూడ్రైవరు వాడండి, ఉప్పుగాలికి బిగుసుకుని ఉంటాయి. స్టెప్పర్ మోటరు రకమైతే ముందు ఒక సూది ఉంటుంది. దాన్ని చేత్తో నొక్కడం, మెలితిప్పడం చెయ్యొద్దు, లోపలి మర పాడవుతుంది. సూది మొన కిందికి ఉండేలా పట్టుకుని, థ్రాటిల్ బాడీ క్లీనర్ గుడ్డ మీద చిమ్మి తుడవండి. మందు మోటరు లోపలికి పోతే వైండింగు చెడుతుంది. వాల్వు కూర్చునే గూడుని మాత్రం ధారాళంగా కడగండి, మసి ఎక్కువ ఉండేది అక్కడే. పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, కొత్త ఓరింగు వేసి బిగించండి. సూది బాగా బయటికి పొడుచుకుని ఉంటే స్క్రూలతో నొక్కి బిగించకండి.

మల్టీమీటరుతో కాయిల్స్ కొలిస్తే స్టెప్పర్ రకంలో రెండు కాయిల్స్ రెసిస్టెన్సు దాదాపు సమానంగా రావాలి. ఒకటి ఓపెన్ అయిపోతే ఈసీఎం ఎంత చెప్పినా వాల్వు కదలదు. కనెక్టరు పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనరుతో, మెత్తటి బ్రష్షుతో తీయండి. వాల్వు మార్చే ముందు ఈ ఒక్క పని చేస్తే చాలా వాల్వులు బతుకుతాయి.

బటర్‌ఫ్లైని కూడా ఇదే ఊపులో కడగండి. లోపలి గోడకి, బటర్‌ఫ్లై అంచుకి బూడిద రంగు పూత ఉంటే గరుకు పీచుతో రుద్దకండి, అది గాలి ఆపడానికి వేసిన పూత.

కొన్ని పాత ఇంజిన్లలో ఐఏసీతో పాటు మైనం నిండిన వాల్వు ఒకటి ఉంటుంది. వేడి నీళ్లు తగిలితే మైనం ఉబ్బి గాలి దారి మూస్తుంది. రేడియేటర్లో నీళ్లు తగ్గినా, థ్రాటిల్ బాడీకి పోయే సన్న నీటి పైపులో గాలి నిలిచినా ఆ వాల్వు ఎప్పటికీ మూసుకోదు. ఇంజిను వేడెక్కాక ఆ నీటి పైపు ముట్టుకుంటే చల్లగా ఉందంటే కారణం అదే.

ఈసీఎమ్మే ఎక్కువ అడుగుతుంటే

మొదటి అనుమానం కూలెంట్ టెంపరేచర్ సెన్సరు మీద. ఇంజిను చల్లగా ఉందని అది అబద్ధం చెబితే ఈసీఎం వేడెక్కించడానికి ఐడ్లింగ్ పెంచుతుంది, పెట్రోలు కూడా ఎక్కువ కొడుతుంది. మైలేజీ పడిపోయి, పొగలో పెట్రోలు వాసన వస్తుంటే దీన్ని ఇంకా గట్టిగా అనుమానించొచ్చు.

స్కానర్ ఉంటే, రాత్రంతా నిలబడిన బండికి పొద్దున్నే కీ మాత్రం ఆన్ చేసి చూడండి. కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత మూడు నాలుగు డిగ్రీల తేడాలో కలవాలి. మల్టీమీటరు ఉంటే కనెక్టరు పీకి సెన్సరు రెసిస్టెన్సు కొలవండి. మారుతి రకం సెన్సర్లలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2.5 కిలో ఓమ్‌లు, 40 దగ్గర 1.1 నుంచి 1.2, 80 దగ్గర 0.3 ఉంటుంది. మన దగ్గర 30 డిగ్రీల పొద్దునపూట 1.5 నుంచి 1.8 రావాలి. ఇంజిను పూర్తిగా వేడెక్కాక కూడా కిలో ఓమ్ పైనే ఉంటే సెన్సరు పోయింది.

సెన్సరు నిజమే చెబుతూ ఉండొచ్చు కూడా. థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోతే, లేదా వేడెక్కుతోందని ఎవరో దాన్ని తీసి పారేస్తే, హైవే మీద ఇంజిను 80 డిగ్రీలకి చేరదు. ఎండల్లో థర్మోస్టాట్ అక్కర్లేదనే మాట షెడ్డుల్లో ఎక్కువ వినిపిస్తుంది. అది తప్పు. అది లేకపోతే ఈసీఎం బండి ఇంకా చల్లగానే ఉందనుకుని ఆ లెక్కల్లోనే ఉంటుంది.

తీరప్రాంతం బోరు నీళ్లు రేడియేటర్లో పోస్తే సెన్సరు మొనకీ, థర్మోస్టాటుకీ ఉప్పు పెచ్చు కడుతుంది. సెన్సరు విప్పినప్పుడు తెల్లటి పొర కనిపిస్తే కొత్తది బిగించడంతో ఆగకండి. మొత్తం నీళ్లు తీసేసి, కంపెనీ చెప్పిన నిష్పత్తిలో కూలెంటు, డిస్టిల్డ్ వాటరు కలిపి పోయండి. నింపాక గాలి బయటికి పోయేదాకా హీటరు పూర్తిగా వేసి ఇంజిను నడపాలి. సెన్సరు మొన నీళ్లలో కాకుండా గాలి బుడగలో ఉంటే కొత్త సెన్సరు కూడా తప్పే చెబుతుంది. వేడి ఇంజిను మీద రేడియేటరు మూత మాత్రం తియ్యకండి.

రెండోది థ్రాటిల్ పొజిషన్ సెన్సరు. మూడు వైర్లలో ఒకటి 5 వోల్టులు, ఒకటి ఎర్త్, మూడోది సిగ్నల్. కీ ఆన్ చేసి, పెడల్ వదిలి ఉండగా సిగ్నల్ సాధారణంగా 0.4 నుంచి 1 వోల్టు మధ్య ఉండాలి. లీవరు మెల్లగా తిప్పితే ఎక్కడా ఎగరకుండా, పడకుండా 3.5 పైకి సాఫీగా పెరగాలి. పెడల్ వదిలినా విలువ పైనే ఆగితే కాలు ఇంకా పెడల్ మీదే ఉందని ఈసీఎం అనుకుంటుంది, ఐడ్లింగ్‌ని దించే పనే మొదలుపెట్టదు.

మిగతావి త్వరగా చూసేయొచ్చు. బ్యాటరీ దిగిపోయినా, ఆల్టర్నేటర్ చార్జింగు తక్కువైనా ఈసీఎం ఐడ్లింగ్ పెంచుతుంది. నడుస్తుండగా బ్యాటరీ మీద సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. పవర్ స్టీరింగు ప్రెజర్ స్విచ్ అంటుకుపోతే స్టీరింగు తిప్పుతున్నట్టే లెక్క. కనెక్టరు పీకి చూడండి. ఏసీ కట్టేసినా ఏసీ కోరినట్టు సిగ్నల్ పోతోందేమో స్కానర్లో చూడండి. మ్యాప్ సెన్సరు కీ ఆన్, ఇంజిను ఆఫ్‌లో బయటి గాలి ఒత్తిడి చూపాలి. శ్రీకాకుళం, విజయనగరం సముద్రానికి దగ్గర కనుక 100 కిలోపాస్కల్‌కి అటూ ఇటూ రావాలి. అరకు ఎత్తులో అది 90 చిల్లరకి తగ్గుతుంది, అక్కడ తగ్గితే సెన్సరు తప్పు కాదు. డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత బండిలో ఎవరైనా దాన్ని వదులు చేసి తిప్పి ఉంటే టైమింగు ముందుకు పోయి ఐడ్లింగ్ పెరుగుతుంది; టైమింగ్ లైటుతో సరిచేయించాలి.

బాగుచేశాక

ఈసీఎం ఇన్నాళ్లూ మసి, దొంగగాలి ఉన్న థ్రాటిల్‌కి అలవాటుపడి లెక్కలు దిద్దుకుని ఉంటుంది. కడిగిన వెంటనే ఐడ్లింగ్ ఇంకా ఎక్కువే కనిపిస్తే కంగారుపడి స్క్రూ ముట్టుకోకండి. బ్యాటరీ నెగటివ్ కొన్ని నిమిషాలు తీసి పెట్టండి. స్టీరియోకి కోడ్ ఉంటే ముందే రాసి పెట్టుకోండి. తిరిగి పెట్టాక పెడల్ తొక్కకుండా స్టార్ట్ చేసి, అన్నీ కట్టేసి, ఫ్యాను తిరిగేదాకా పది నిమిషాలు ఐడ్లింగ్‌లో వదిలేయండి. తర్వాత ఏసీ వేసి మరో ఐదు నిమిషాలు ఉంచండి. ఆ తర్వాత ఇరవై కిలోమీటర్లు, అందులో కొంత ట్రాఫిక్‌లో ఆగుతూ, కొంత హైవే మీద నడపండి. విజయనగరంలో వాళ్లకి మయూరి జంక్షన్ ట్రాఫిక్, శ్రీకాకుళంలో వాళ్లకి ఏడురోడ్ల జంక్షన్ ఇందుకు సరిపోతాయి.

మర్నాడు పొద్దున్నే చల్లటి ఇంజినుతో ఒకసారి, వేడెక్కాక ఏసీ లేకుండా ఒకసారి, ఏసీతో ఒకసారి, మూడు అంకెలూ ఒక కాయితం మీద రాసి గ్లోవ్ బాక్సులో పెట్టండి. షెడ్డుకి వెళ్లాల్సి వస్తే ఆ కాయితంతో పాటు ఏ పైపు నొక్కినప్పుడు ఏమైందో, ఐఏసీ రంధ్రం మూసినప్పుడు ఎంత దిగిందో చెప్పండి. మెకానిక్ అక్కడి నుంచి మొదలుపెడతాడు, మొదటి నుంచి సామాన్లు మార్చుకుంటూ రాడు.